కుక్కపిల్ల ఏదో మింగింది: మొదటి గంటలో తేల్చుకోవలసినవి

కుక్కపిల్ల నోట్లో చింపిన మాత్రల స్ట్రిప్పు కనిపించినా, బీరువా వెనక పెట్టిన ఎలుకల మందు ముక్క మాయమైనా, ఇంట్లో అందరి చూపూ ముందుగా ఆ పిల్ల మీదికే పోతుంది. అది తోక ఆడిస్తూ తిరుగుతుంటే ‘ఏమీ కాలేదులే’ అని ఊరట పడతారు. కాస్త నీరసంగా పడుకుంటే కంగారుపడి ఉప్పునీళ్ళు పట్టిస్తారు. రెండూ పొరపాటే. విషాలన్నీ ఒకే వేగంతో పనిచేయవు. కొన్ని అరగంటలోనే పిల్లను పడగొడతాయి, కొన్ని మూడు నాలుగు రోజుల పాటు పైకి ఏ గుర్తూ చూపకుండా లోపల పని చేసుకుపోతాయి. అందువల్ల పిల్ల ఇప్పుడు ఎలా ఉందన్న దానికన్నా ముందు తేలవలసినవి నాలుగున్నాయి: ఏమి మింగింది, ఎంత మింగింది, ఎప్పుడు మింగింది, పిల్ల బరువు ఎంత. వాంతి చేయించాలా వద్దా, విరుగుడు ఉందా లేదా, ఎన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి అన్నవన్నీ ఈ నాలుగింటి మీదే ఆధారపడతాయి.

ఇందులో బరువు సంగతిని చాలామంది పట్టించుకోరు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే మూడు నుంచి ఆరు నెలల వయసులో కుక్కపిల్ల దొరికిన ప్రతి వస్తువునూ కొరికి చూస్తుంది. సరిగ్గా ఆ వయసులోనే దాని బరువు తక్కువ, మందులను విరిచి బయటికి పంపే కాలేయం ఇంకా పూర్తిగా ఎదగదు. మూడు కిలోల పిల్ల 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర ఒక్కటి మింగితే, కిలో బరువుకు 160 మిల్లీగ్రాములకు పైగా పడినట్లు. కుక్కల్లో కిలోకు 75 నుంచి 100 మిల్లీగ్రాములు దాటితేనే కాలేయానికి ముప్పుగా లెక్కిస్తారు. మనిషికి జ్వరం తగ్గించే ఒక్క మాత్ర ఆ పిల్లకు విషపు మోతాదు అవుతుందన్నమాట. చాక్లెట్‌దీ ఇదే లెక్క. అందులోని థియోబ్రోమిన్‌ను కుక్క శరీరం చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది. సగం తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. కిలోకు 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, అస్థిమితం మొదలై, 60 దగ్గర ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. మూడు కిలోల పిల్ల విషయంలో మొదటి హద్దుకు చేరడానికి 30 గ్రాముల మిల్క్ చాక్లెట్ చాలు. అంతే తూకం డార్క్ చాక్లెట్‌లో థియోబ్రోమిన్ దానికి రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

కనుక మొదటి రెండు మూడు నిమిషాల్లో చేయవలసినది వైద్యం కన్నా ఆరా తీయడమే. పిల్లను అక్కడి నుంచి పక్కకు తీసి, మిగిలిన పదార్థాన్ని దానికి అందకుండా చేయాలి. ఇంట్లో మరో కుక్కగానీ పిల్లిగానీ ఉంటే వాటినీ వేరు చేయాలి. ఏది తిన్నదో తెలియనప్పుడు రెండూ తిన్నట్లే భావించడం క్షేమం. నోరు తెరిచి చూసి, పైకి కనిపిస్తున్న ముక్క తేలికగా వచ్చేట్లయితే తీయవచ్చు. గొంతులోకి వేలు పొడిచి వెతకరాదు, ఆ వేలే ముక్కను ఇంకా లోపలికి నెట్టేయగలదు. స్ట్రిప్పులో ఎన్ని మాత్రలు ఖాళీ అయ్యాయో, అందులో ఇంట్లోవాళ్ళు వాడినవి ఎన్నో లెక్కపెట్టాలి. లెక్క తేలకపోతే ఎక్కువ సంఖ్యనే నిజమని పట్టుకోవాలి. మందు డబ్బా మీది పేరు, శాతం కనిపించేలా ఫొటో తీయాలి. పిల్ల వాంతి చేసుకుని ఉంటే దాన్ని కడిగేయకుండా కొంత ప్లాస్టిక్ సంచిలో ఎత్తి ఉంచాలి. ఇదంతా చేస్తూనే, ఇంట్లో మరొకరి చేత పశువైద్యుడికి ఫోన్ చేయించాలి.

ఎక్కువ హాని జరిగేది వాంతి చేయించే దగ్గరే. మింగినది ఇంకా కడుపులోనే ఉంటే, అంటే సాధారణంగా గంట, మహా అయితే రెండు గంటల లోపు, వాంతి వల్ల నిజంగా మేలు ఉంటుంది. అయినా కడుపులో ఉన్నదంతా బయటికి రాదు. సగం అటూ ఇటూ వస్తుంది. ఆస్పత్రిలో ఇంజెక్షన్‌తో, పిల్ల ఊపిరిని గమనిస్తూ చేసే పని అది. ఇంట్లో చేసే పద్ధతుల్లో ఉప్పునీళ్ళది అన్నిటికన్నా చెడ్డ చరిత్ర. పిల్ల వాంతి చేసుకోకపోతే ఆ ఉప్పంతా రక్తంలోకి చేరుతుంది. సోడియం ఒక్కసారిగా పెరిగి మెదడు దెబ్బతిని, ఫిట్స్ వచ్చి, మింగిన వస్తువు ఏ హానీ చేయకముందే ప్రాణం పోవచ్చు. సబ్బునీళ్ళు, ఆవాల నీళ్ళు, గొంతులో వేళ్ళు పెట్టడం కూడా మానవలసినవే.

హైడ్రోజన్ పెరాక్సైడ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. విదేశీ వైద్యులు ఫోన్‌లో సలహా ఇస్తూ కుక్కకు వాంతి చేయించడానికి వాడమనేది 3 శాతం ద్రావణం. మన మందుల షాపుల్లో ‘20 వాల్యూమ్స్’ పేరుతో మామూలుగా దొరికేది సుమారు 6 శాతం, అంటే దానికి రెట్టింపు గాఢత. ఇంటర్నెట్‌లో చదివిన మోతాదును ఈ సీసాతో కొలిచి పోస్తే అన్నవాహికకు, జీర్ణాశయానికి పుండ్లు పడతాయి. 3 శాతం ద్రావణం కూడా జీర్ణాశయాన్ని దెబ్బతీసేదే కాబట్టి, పిల్ల బరువు, మింగిన వస్తువు తెలుసుకున్న పశువైద్యుడు అప్పటికప్పుడు చెబితే తప్ప దాని జోలికి పోకూడదు.

కొన్ని పరిస్థితుల్లో వాంతి అన్న మాటే తలపెట్టకూడదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్, గాఢమైన క్లీనర్లు లోపలికి పోయేటప్పుడు ఒకసారి కాల్చుకుంటూ పోతాయి, పైకి వస్తే రెండోసారి కాలుస్తాయి. కిరోసిన్, పెట్రోల్, టర్పెంటైన్ వంటివి వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా పట్టుకుంటుంది. సూది, గాజుపెంకు, బటన్ బ్యాటరీ మింగినా వాంతి పనికిరాదు. తూలుతున్న, స్పృహ తప్పుతున్న, వణుకుతున్న పిల్లకు మింగుడు సరిగా ఉండదు గనుక వాంతి ఊపిరిలోకే పోతుంది. పగ్, షిట్‌జూ, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు జాతులకు మామూలప్పుడే ఊపిరి ఇరుకు. వాటికి ఇంట్లో వాంతి చేయించడం రెట్టింపు ప్రమాదం. పాలు విషాన్ని విరుస్తాయన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. అది చాలా విషాల విషయంలో నిజం కాదు, కొన్నిటి విషయంలో హాని కూడా. కడుపులోని విషాన్ని తనకు అంటించుకుని పట్టివుంచే యాక్టివేటెడ్ చార్‌కోల్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడి) మంచి మందే గానీ, లోహాలకు, మద్యానికి, యాసిడ్లకు, కిరోసిన్‌కు, జైలిటాల్ అనే తీపి పదార్థానికి దాదాపు పనిచేయదు. పైగా బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొయ్యిలోని బొగ్గు పొడి దానికి బదులు కానే కాదు.

తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికన్నా జాగ్రత్తగా విడదీసి చూడవలసినది ఎలుకల మందు. ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు విషాలు అమ్ముడవుతున్నాయి, మూడింటి దారీ వేరు. మొదటిది బ్రోమాడయోలోన్. వరి పొలాల్లో ఎలుకల నివారణకు వ్యవసాయ శాఖ చెప్పే ఎరలో 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు వంటనూనె, 2 పాళ్ళు బ్రోమాడయోలోన్ పొడి ఉంటాయి. దాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి బొరియల్లో పెడతారు. నూనె వాసన వేసే నూకలు ఎలుకకు ఎంత ఇష్టమో గట్టు మీద తిరిగే కుక్కపిల్లకూ అంతే ఇష్టం. ఇళ్ళలో అమర్చే రంగు రంగు బిళ్ళల్లోనూ తరచుగా ఇదే ఉంటుంది. ఇది విటమిన్ కె తిరిగి వాడకంలోకి రాకుండా అడ్డుకుని రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అయితే ఒంట్లో అప్పటికే ఉన్న గడ్డకట్టించే పదార్థాలు కరిగిపోయేదాకా ఏ గుర్తూ కనిపించదు. తిన్న మూడు నుంచి అయిదు రోజులకు పిల్ల డీలా పడటం, చిగుళ్ళు పాలిపోవడం, దగ్గు, ఆయాసం, కారణం లేకుండా కుంటడం మొదలవుతాయి. ఊపిరితిత్తుల చుట్టూనో కీళ్ళలోనో రక్తం చేరిందని వాటి అర్థం. తిన్న రోజునే తీసుకువెళితే విటమిన్ కె1తో దాదాపు ఖాయంగా బతికించుకోగల పిల్లను, ‘మూడు రోజులైంది, బాగానే ఉంది’ అని ఇంట్లో ఉంచుకుని పోగొట్టుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. కావలసినది కె1 మాత్రమే. కె3 ఈ విషానికి విరుగుడుగా పనికిరాదు.

రెండోది జింక్ ఫాస్ఫైడ్, నల్లని పొడి. కడుపులోని ఆమ్లం తగలగానే ఇది ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. పావుగంట నుంచి నాలుగు గంటల లోపు వాంతులు, ఆయాసం, ఫిట్స్ రావచ్చు. అన్నం పెడితే విషం పలచబడుతుందని అనుకోవడం ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. తిండి పడగానే ఆమ్లం ఊరుతుంది, దానితో వాయువు ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆస్పత్రికి చేరేదాకా ఏమీ తినిపించరాదు. పిల్ల వాంతి చేసుకుంటే ఆ వాయువు మనుషులకూ విషమే. వెల్లుల్లి వాసనో కుళ్ళిన చేప వాసనో వస్తే వెంటనే గది తలుపులూ కారు అద్దాలూ తెరవాలి. మూడోది పసుపు భాస్వరం కలిసిన పేస్టు. ఇది మొదటి రోజు వాంతులు కలిగించి, తర్వాత ఒకటి రెండు రోజులు కోలుకున్నట్లు భ్రమ కల్పించి, ఆపైన కాలేయాన్ని కూల్చేస్తుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఈ మూడింటిలో ఏదో తేల్చగలిగేది ఖాళీ పొట్లమో, ట్యూబో, దాని మీది అక్షరాలో మాత్రమే. అందుకే ఆ చెత్తను పారేయకుండా ఆస్పత్రికి పట్టుకెళ్ళడం పిల్లను పట్టుకెళ్ళినంత ముఖ్యం.

పురుగు మందుల్లో క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ల గుర్తులు త్వరగానే బయటపడతాయి. చొంగ, కళ్ళ నీళ్ళు, తెలియకుండా మలమూత్రాలు పోవడం, కండరాలు అదరడం, కనుపాప సూదిమొనంత కావడం కనిపిస్తాయి. అట్రోపిన్ వీటికి విరుగుడు. ఏ ఊరి పశువైద్యశాలలోనైనా అడగదగిన మందు ఇది. మందు బొచ్చు మీద పడి ఉంటే చేతికి తొడుగు వేసుకుని సబ్బుతో కడగాలి, లేకపోతే పిల్ల నాకుతూ మళ్ళీ మింగుతుంది.

వంటింటి సంగతికి వస్తే, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయన్నది చాలాకాలంగా తెలుసు. కారణం మాత్రం అంతుపట్టలేదు. 2021లో అమెరికాలోని జంతు విష నియంత్రణ కేంద్రానికి చెందిన వైద్యులు, టార్టారిక్ ఆమ్లమే అందుకు కారణం కావచ్చని ఒక పశువైద్య పత్రికకు రాసిన లేఖలో సూచించారు. టార్టారిక్ లవణమున్న వంట పొడి తిన్న కుక్కల్లోనూ, చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే రకమైన మూత్రపిండాల జబ్బు కనిపించడం వారిని ఆ దిశగా నడిపించింది. ద్రాక్ష తినిపించరాదన్న సలహా మన దగ్గర కుక్కలు పెంచేవారికి చేరింది గానీ, చింతపండు మాట ఇంకా అంతగా చేరలేదు. పులుసు కలిపిన అన్నం, పులిహోర మిగిలితే కుక్కకు వేయడం మన ఇళ్ళలో మామూలు. నానబెట్టిన చింతపండు గిన్నె పొయ్యి పక్కన నేల మీదే ఉంటుంది. పులుసు మెతుకు ఒకటి తగిలిందని హడలిపోనక్కరలేదు. చింతపండు ముద్ద, గుజ్జు, పాయసంలోని గుప్పెడు కిస్‌మిస్‌లు మింగితే మాత్రం, ఇంత తింటే ప్రమాదం లేదని చెప్పగల హద్దు ఏదీ స్థిరపడలేదు కనుక, ఆ రోజే వైద్యుడికి చెప్పి తర్వాతి రెండు మూడు రోజుల్లో రక్త పరీక్షలు చేయించాలి. ఉల్లిపాయ వేరే దారిలో, ఎర్ర రక్తకణాలను చితకగొట్టి హాని చేస్తుంది. కిలోకు 15 నుంచి 30 గ్రాములు చాలు కనుక మూడు కిలోల పిల్లకు ఒక మధ్యరకం ఉల్లిపాయ ఎక్కువే. వెల్లుల్లి అంతకన్నా ఘాటు. వండినంత మాత్రాన ఆ గుణం పోదు.

చక్కెర లేని చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్ గురించి ఇంకా తక్కువ మందికి తెలుసు. మనుషుల్లో ఇన్సులిన్‌ను పెద్దగా కదిలించని ఈ తీపి పదార్థం కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఎగజిమ్మిస్తుంది. కిలోకు 0.1 గ్రాముతోనే, అరగంట నుంచి గంట లోపు రక్తంలో గ్లూకోజ్ పడిపోయి పిల్ల తూలిపోతుంది. అప్పుడు దారిలో చిగుళ్ళకు తేనెగానీ చక్కెర పాకంగానీ రాయడం ఆస్పత్రి దాకా ప్రాణం నిలబెట్టే పని. మింగే స్థితిలో లేని పిల్ల నోట్లో మాత్రం పోయకూడదు.

మొక్కల్లో గన్నేరు, పచ్చగన్నేరు గుండె లయను చెడగొడతాయి. పెరళ్ళలోనూ రహదారుల మధ్య డివైడర్ల మీదా విరివిగా పెంచే ఈ మొక్కల ఆకు, పువ్వు, గింజ, ఎండిన కొమ్మ అన్నీ విషమే. ఆముదం గింజలకన్నా తోటల్లో సేంద్రియ ఎరువుగా వేసే ఆముదం పిండి మరింత మోసకారి, దాని వాసన కుక్కలను పిలుస్తుంది. అందులో మిగిలిన రిసిన్ అనే విషం వల్ల సాధారణంగా 6 నుంచి 24 గంటల్లో రక్తంతో కూడిన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కుండీల్లో ఆ పిండి కలిపి, పైన మట్టి కప్పాం కదా అనుకునేవారు, మట్టి తవ్వడం కుక్కపిల్లకు అన్నిటికన్నా ఇష్టమైన పని అని గుర్తుంచుకోవాలి. వానాకాలంలో గోదురు కప్పను నోట పట్టిన పిల్లకు నురగ వస్తే, తల కిందికి వంచి, నీళ్ళు గొంతులోకి పోకుండా నోటి పక్క నుంచి కడగాలి. ఆ తర్వాత తూలినా, వణికినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

విషం లేని వస్తువులు చేసే హాని వేరే తరహాది. బటన్ బ్యాటరీ మాత్రం విషంతో సమానమే. అది తడి తగిలిన చోట విద్యుత్తు ప్రవహించి, అరగంటలోపే అన్నవాహిక గోడ కాలడం మొదలై, రెండు గంటల్లో తీవ్రమైన గాయం అవుతుంది. మామిడి టెంక, మొక్కజొన్న బెండు, మేజోడు, వండిన కోడి ఎముక పేగును మూసేయవచ్చు లేదా చీల్చవచ్చు. టెంక ఒక్కోసారి రోజులూ వారాలూ కడుపులోనే ఉండిపోయి, తర్వాత ఒకనాడు పేగులోకి జారి అడ్డుపడుతుంది. అప్పటికి మామిడిపండు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. సంక్రాంతి రోజుల్లో మాంజా దారం, మామూలు రోజుల్లో మాంసం కట్టిన దారం మింగితే దాని కొస నోట్లోనో మలద్వారం దగ్గరో వేలాడవచ్చు. దాన్ని లాగకూడదు, లోపల ముడతలు పడి ఉన్న పేగును ఆ దారం కత్తిలా కోస్తుంది. ఎక్స్‌రేలో లోహం, ఎముక, రాయి స్పష్టంగా తెలుస్తాయి గానీ గుడ్డ, ప్లాస్టిక్ కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాటతో ఆగకుండా స్కానింగ్ అవసరమా అని అడగడం మంచిది. మరొక చిక్కు ఏమిటంటే, టీకాలు పూర్తికాని పిల్లల్లో పార్వో వైరస్ జబ్బు కూడా ఇలాగే ఆగని వాంతులతో, తిండి మానేయడంతో మొదలవుతుంది. ఏదో మింగిందని ఇంట్లోవాళ్ళు గట్టిగా నమ్మి చెబితే వైద్యుడి ఆలోచన కూడా అటే మళ్ళవచ్చు. కనుక చూసినదాన్ని చూసినట్లు, ఊహించినదాన్ని ఊహగా చెప్పి, టీకాల పుస్తకం ముందు పెట్టాలి.

ఫోన్‌లో చెప్పే మాటల వరుస కూడా సమయాన్ని మిగులుస్తుంది. ‘మూడు నెలల పిల్ల, మూడు కిలోలు, ఇరవై నిమిషాల కిందట బ్రోమాడయోలోన్ బిళ్ళ సగం తిన్నది, ఇంకా వాంతి కాలేదు’ అంటే వైద్యుడు వెంటనే నిర్ణయం చెప్పగలడు. బరువు తెలియకపోతే పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత మనిషి బరువు తీసివేస్తే సరిపోతుంది. చిగుళ్ళ రంగు చూసి చెప్పాలి. ఆరోగ్యమైన చిగురు గులాబీ రంగులో ఉండి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు తెచ్చుకుంటుంది. తెల్లబడినా, నీలంగా మారినా, పారాసిటమాల్ విషంలోలాగా గోధుమ రంగుకు తిరిగినా అది అత్యవసరమే. రెండు రాష్ట్రాల్లోనూ పశువుల కోసం 1962 నంబరుపై సంచార వైద్య సేవ ఉంది. అది ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పడినదైనా, దగ్గరలో పశువైద్యుడు దొరకని పల్లెల్లో ప్రయత్నించదగినది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల చుట్టుపక్కల ఉండేవారికి అక్కడి బోధనాస్పత్రులు మంచి ఆసరా. రాత్రిపూట తెరిచి ఉండే ఆస్పత్రి ఏదో కుక్కపిల్లను తెచ్చుకున్న వారంలోనే కనుక్కుని, నంబరు గోడ మీద రాసి ఉంచుకోవాలి. దారిలో పిల్లను పక్కకు పడుకోబెట్టి, తల కాస్త కిందికి ఉండేలా చూడాలి. మూతికి గుడ్డ కట్టకూడదు, వాంతి వస్తే ఊపిరాడదు.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక కూడా విషాన్ని బట్టే కాపలా సాగాలి. జైలిటాల్ తిన్న పిల్లకు గ్లూకోజ్ స్థిరపడినా కాలేయ పరీక్షలు రెండు మూడు రోజుల పాటు అవసరమవుతాయి. ఉల్లిపాయ తిన్న పిల్లకు రక్తహీనత కొన్ని రోజుల తర్వాతే బయటపడుతుంది, కనుక ఆ వారమంతా మూత్రం రంగును గమనించాలి. బ్రోమాడయోలోన్ విషయంలో విటమిన్ కె1ను కాస్త కొవ్వు ఉన్న తిండితో కలిపి సాధారణంగా మూడు నాలుగు వారాలు ఇస్తారు. పిల్ల పదో రోజుకే చలాకీగా గంతులు వేస్తుంది, అప్పుడే చాలామంది మాత్రలు మానేస్తారు. విషం ఇంకా కాలేయంలోనే ఉంటుంది గనుక రక్తస్రావం మళ్ళీ మొదలవుతుంది. కోర్సు పూర్తయ్యాక కూడా, చివరి మాత్ర వేసిన రెండు మూడు రోజులకు రక్తం గడ్డకట్టే సమయాన్ని మరోసారి పరీక్షించి, అది మామూలుగా ఉందని తేలిన తర్వాతే మందు నిలిపివేసినట్లు లెక్క.